ఈడ ఇంతే సార్: టీకా తాత్పర్య సహితం

మూలం

"ఈడ ఇంతే సార్. రవ్వంత అడ్జస్ట్ కావాల."

అవతారిక

బదిలీ ఉత్తర్వు చేతబట్టుకొని కొత్త కార్యాలయంలో చేరిన ఉద్యోగికి, జాయినింగ్ రిపోర్టు మీద సిరా ఆరకముందే ఉపదేశమయ్యే మహావాక్యం ఇది. తిరుపతి, చిత్తూరు జిల్లాల కార్యాలయాల్లో దీనికి విశేష ప్రచారం ఉంది. ఉపదేశించేవాడు సాధారణంగా ఆ సెక్షన్‌లో అందరికంటె ఎక్కువ కాలంగా పాతుకొన్నవాడై ఉంటాడు. హోదాలో పెద్దవాడు కానక్కరలేదు. ఉపదేశం పొందేవాడు నెల్లూరు నుంచో కర్నూలు నుంచో పెట్టె సర్దుకొని వచ్చినవాడు, ఇంకా అద్దె ఇల్లు దొరకనివాడు, పిల్లల బడి సంగతి తేలనివాడు. అట్టి స్థితిలో ఉన్నవాడు ఏం చెప్పినా తలూపుతాడు గనుక ఉపదేశానికి ఆ ముహూర్తమే ఎన్నుకోబడింది.

వాక్యానికి కర్త తెలియదు. ఎవరిని అడిగినా "నేను రాకముందు నుంచే ఉండాది సార్" అంటారు. వారికి ముందున్నవారూ అదే అన్నారు. కర్త ఫలానా అని ఎవరికీ జ్ఞాపకం లేకపోవడం వేదం అపౌరుషేయమనడానికి మీమాంసకులు చూపిన హేతువుల్లో ఒకటి. ఆ లెక్కన ఈ వాక్యమూ అపౌరుషేయమే. కర్త లేడు గనుక దీనికి బాధ్యుడూ లేడు.

ప్రతిపదార్థం సుగమం గనుక విడువబడింది. మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ మల్లినాథసూరి వ్యాఖ్యారంభంలో ప్రతిజ్ఞ చేశాడు. ఈ వ్యాఖ్య ఆ ప్రతిజ్ఞలో మొదటి సగాన్ని మాత్రమే స్వీకరిస్తుంది.

పాఠభేదాలు

గూడూరు, సూళ్ళూరుపేట ప్రతుల్లో "ఈడ ఇంతే" అన్నచోట "ఇది అట్నే" అని ఉంది, అర్థభేదం లేదు. మదనపల్లె ప్రతిలో "ముందు నుంచీ ఉండేదే" అని అధికపాఠం. కుప్పంలో వాక్యం మూడు భాషల్లో దొరుకుతుంది. అరవంలో చెప్పినా కన్నడంలో చెప్పినా కొత్తవాడు గ్రహించేది ఒకటే. పారిశ్రామిక వాడల్లో "అవర్ కల్చర్" అని ఇంగ్లీషు పాఠం. అది గోడమీద చట్రంలో బిగించి ఉంటుంది. సర్కారు పాఠం ఎక్కడా రాతకెక్కలేదు, చెవి నుంచి చెవికే వస్తోంది. శ్రుతి అన్న పేరు దానికే చెల్లుతుంది.

సందర్భం

బదిలీ రెండు విధాలు. భూమి నిలిచి మనిషి కదిలేది ఒకటి, మనిషి నిలిచి భూమి కదిలేది రెండవది. సర్వీసు నిబంధనలకు మొదటిది మాత్రమే తెలుసు. రెండవదానికి లక్ష్యం చూపాలంటే ఈ సీమను మించినది లేదు.

1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా పుట్టింది. అంతకుముందు చిత్తూరు పట్టణమే ఉత్తరార్కాటు జిల్లాకు ముఖ్యస్థానం. కొత్త జిల్లా పుట్టాక ఆ ముఖ్యస్థానం వేలూరికి తరలిపోయింది. కడప జిల్లా నుంచి మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు వచ్చి ఇందులో కలిశాయి. మార్చి 31 సాయంత్రం దాకా కడప కలెక్టరుకు నివేదించుకొన్న మదనపల్లె గుమాస్తా మరునాటి నుంచి చిత్తూరు కలెక్టరుకు నివేదించుకోవాలి. బల్ల అదే, కుర్చీ అదే, కలం అదే. 1953లో మద్రాసు రాష్ట్రం పోయి ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. 1960 ఏప్రిల్ 1న రాష్ట్రాల సరిహద్దులపై పటాస్కర్ ఇచ్చిన తీర్పు అమలై తిరుత్తణి మద్రాసు వైపు వెళ్ళింది, సత్యవేడు చుట్టుపక్కల పల్లెలు చెంగల్పట్టు జిల్లా నుంచి ఇటు వచ్చాయి. ఆ పల్లెలకు టి.ఏ. బిల్లు గానీ జాయినింగ్ టైము గానీ మంజూరైన దాఖలా లేదు.

ఆ తరువాత 2022 ఏప్రిల్ 4. ఆనాడు తిరుపతి జిల్లా ఏర్పడింది. చిత్తూరు జిల్లా నుంచి తిరుపతి, చంద్రగిరి, శ్రీకాళహస్తి, సత్యవేడు. నెల్లూరు జిల్లా నుంచి గూడూరు, సూళ్ళూరుపేట, వెంకటగిరి ప్రాంతాలు. ఉద్యోగులను "ఆర్డర్ టు సర్వ్" అనే పద్ధతిన సర్దారు. అంటే సేవ ఇక్కడ, తక్కిన లెక్కలు తరువాత. 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు నెల్లూరును మూడవ జోన్‌లోనూ చిత్తూరును నాలుగవ జోన్‌లోనూ పెట్టింది గనుక, ఒకే గదిలో ఎదురెదురు బల్లల దగ్గర కూర్చున్న ఇద్దరు సీనియర్ అసిస్టెంట్లలో ఎవరు సీనియరు అన్న ప్రశ్న న్యాయశాస్త్రపు అవచ్ఛేదకాల కంటె జటిలమైంది. కొత్త కలెక్టరేటుకు తిరుచానూరులో పద్మావతి నిలయం కుదిరింది. అది యాత్రికులు దిగడానికి దేవస్థానం వారు కట్టించిన వసతి భవనం. నాలుగు రోజులుండి పోయేవారి కోసం కట్టిన గదుల్లో బదిలీ ఉద్యోగులు కొలువు తీరడంలో అనౌచిత్యం కనబడదు.

ఆ గదుల్లో నెల్లూరువాళ్ళు చిత్తూరువాళ్ళను చూసి వీళ్ళ తెలుగులో సగం అరవమే అనుకొన్నారు. చిత్తూరువాళ్ళు నెల్లూరువాళ్ళను చూసి వీళ్ళు మాట్లాడేది తెలుగే గాని మరీ వేగమనుకొన్నారు. మహావాక్యం ఈ సంధిలో రెండు వైపుల నుంచీ పుట్టింది. "ఈడ ఇంతే" అని ఒకరు. "మా నెల్లూరులో అయితే" అని మరొకరు. రెండవ వాక్యానికి వేరే వ్యాఖ్య కావాలి. క్లుప్తంగా చెప్పాలంటే, ఆ "మా నెల్లూరులో" ఉన్నప్పుడు అదే మనిషి కొత్తగా వచ్చినవాళ్ళకు మొదటి వాక్యమే చెప్పాడు.

శాస్త్రార్థం

దేశానికో ఆచారం ఉంటుంది, వచ్చినవాడు దాన్ని పట్టుకోవాలి అని వాక్యం అభిప్రాయం. దీనికి ప్రమాణం ఉన్నదా అంటే ఉన్నది. బౌధాయనుడు ధర్మసూత్రాల మొదట్లోనే ఈ మాట ఎత్తుకొన్నాడు. దక్షిణాది ఆచారాలు ఐదు, ఉత్తరాది ఆచారాలు ఐదు అన్నాడు. ఉపనయనం కానివాడితో కలిసి తినడం, భార్యతో కలిసి తినడం, చద్దన్నం తినడం, మేనమామ కూతుర్ని పెళ్ళాడడం, మేనత్త కూతుర్ని పెళ్ళాడడం, ఇవి దక్షిణాదివి. ఉన్ని అమ్మడం, మద్యం తాగడం, రెండు దవడలా పళ్ళున్న జంతువులతో వ్యాపారం, ఆయుధాలతో బతకడం, సముద్రం మీద పోవడం, ఇవి ఉత్తరాదివి. ఎవరి దేశంలో వారు చేస్తే దోషం లేదు, ఇక్కడివాడు అక్కడిది, అక్కడివాడు ఇక్కడిది చేస్తే దోషం. గౌతముడు దీన్ని ఒప్పుకోడు అని కూడా ఆయనే నిజాయితీగా రాసిపెట్టాడు.

ఇందులో చద్దన్నం విశేషంగా గమనింపదగింది. రాత్రి మిగిలిన సంగటి ముద్దను తెల్లారి మజ్జిగలో పిసుక్కొని, ఎర్రగడ్డ కొరుక్కొంటూ తాగే చిత్తూరు రైతుకు బౌధాయనుడి కాలం నుంచీ అనుమతి ఉంది. ఆ అనుమతి సంగతి తెలియక రెండు మూడు తరాలవారు ఇడ్లీ దారి పట్టారు. ఇప్పుడు డాక్టర్లు చెబితే మళ్ళీ సంగటికి వస్తున్నారు, అదీ హోటల్లో నాటుకోడి పులుసుతో, తగిన ధర చెల్లించి. ఇక మేనరికం. కుమారిలభట్టు తంత్రవార్తికంలో దక్షిణాదివారి ఈ అలవాటును ఎత్తిపొడిచాడు. కొన్ని శతాబ్దాల తరువాత విజయనగరపు తొలి రోజుల్లో మాధవాచార్యుడు పరాశరస్మృతి వ్యాఖ్యలో దక్షిణాది పక్షాన నిలబడి, మేనమామ కూతుర్ని చేసుకోవడానికి వేదంలోనే ఆధారం ఉందని వాదించాడు. ఒక మేనరికం పెళ్ళి కోసం ఇంత పాండిత్యం ఖర్చయిన దేశం మరొకటి ఉండదు. మామ ఒప్పుకొన్నాడా, పిల్ల ఒప్పుకొన్నదా అన్న ప్రశ్న ఈ గ్రంథాల్లో ఎక్కడా రాలేదు. పలమనేరు, పుంగనూరు వైపు పెళ్ళి మాటల్లో మాత్రం ఆ ప్రశ్నే మొదట వస్తుంది. మాధవాచార్యుడి పేరు రాదు. మామకు కూతురుంటే ఒక ధర్మం, మామే పిల్లవాడయితే మరొక ధర్మం. అక్క కూతుర్ని చేసుకోవడం బౌధాయనుడి పట్టికలో లేకపోవడం వల్ల ఆ ధర్మం పట్టిక అవసరం లేకుండానే సాగుతూ వచ్చింది.

ప్రకృతమేమనగా, ఆఫీసు.

బౌధాయనుడు ఉపదేశకుడి పక్షాన ఉన్నట్టే కనబడతాడు. కాని జైమిని దగ్గర చిక్కు ఉంది. పూర్వమీమాంసలో హోలాకాధికరణం అని ఒకటి. తూర్పు దేశంవారు హోలాకం అనే పండుగ చేస్తారు. అది వారికి మాత్రమే ధర్మమా, అందరికీ ధర్మమా అని విచారం. వారికి మాత్రమే అని పూర్వపక్షం. సిద్ధాంతం వేరు. ఆచారం ధర్మమని ఒప్పుకొంటే దాని వెనక ఒక వేదవాక్యం ఉన్నదని ఊహించాలి. వేదవాక్యానికి తూర్పూ పడమరా లేవు. కనుక ధర్మమైతే అందరికీ ధర్మమే. దీన్ని సెక్షన్‌కు అన్వయిస్తే, ఒక పద్ధతి మంచిదైతే సర్క్యులరు వేసి శ్రీకాకుళం దాకా పాటించాలి. మంచిది కాకపోతే ఇక్కడా మానాలి. "ఈడ" అన్న మాట ఎట్లా చూసినా నిలబడదు.

ఇంతకంటె పదునైనది ఔదుంబరీ విచారం. సోమయాగంలో సదస్సు అనే పందిరి నడుమ మేడికర్ర స్తంభం నాటుతారు. దాన్ని తాకుతూ ఉద్గాత సామం పాడాలని శ్రుతి. దాన్ని మొదలంటా బట్టతో చుట్టాలని స్మృతి. మొత్తం చుట్టేస్తే తాకేదెట్లా? భాష్యకారుడు శబరస్వామి ఇక్కడ ఏ మొహమాటమూ లేకుండా తేల్చాడు. ఎవరో ఋత్విక్కులు ఆ బట్ట తమకు దక్కుతుందన్న ఆశతో స్తంభాన్ని పూర్తిగా చుట్టించారు, అదే ఆ స్మృతికి బీజం అన్నాడు. లోభం కంటికి కనబడుతున్నచోట వేదమూలాన్ని ఊహించనక్కరలేదు అని తాత్పర్యం.

ఇక కార్యాలయంలోని ఆచారాలు చూడాలి. అర్జీ ఫారం ఎదురుగా ఉన్న ఆ ఒక్క జెరాక్సు అంగట్లోనే దొరకడం. స్వయంగా వచ్చి ఇచ్చిన అర్జీ అడుగున పడి, తెలిసినవాళ్ళ ద్వారా వచ్చిన అర్జీ పైకి తేలడం. సర్వేకు వచ్చేవారికి కారు రైతే మాట్లాడుకోవడం. తనిఖీకి వచ్చిన పై అధికారి భోజనాల ఖర్చు కింది ఉద్యోగులు తలాకొంచెం వేసుకోవడం. కొత్తగా వచ్చినవాడు వీటిలో ఏది ఎందుకని అడిగినా జవాబు మూలవాక్యమే. వీటన్నిటినీ కలిపి ఇప్పుడు వర్క్ కల్చర్ అంటున్నారు. వాటి వేదమూలం వెతికే శ్రమ అక్కరలేదు. ప్రతి స్తంభం దగ్గరా బట్ట ఎవరింటికి పోతున్నదో చూస్తే చాలు.

శ్రుతి ఏది

కార్యాలయానికి నిజంగా శ్రుతి అంటూ ఉంటే అది డిస్ట్రిక్ట్ ఆఫీస్ మాన్యువల్. దానికి ద్రష్ట టాటెన్‌హామ్ అనే ఐ.సి.ఎస్. దొర. మద్రాసు రాజధాని రెవెన్యూ కార్యాలయాల్లో కాగితం ఎట్లా నడవాలో ఏర్పరచినవాడు ఆయన. తరువాత పుదుక్కోట సంస్థానం వ్యవహారాలు చూశాడు. తపాలులో వచ్చిన ప్రతి కాగితానికీ ఒక నంబరు, ఆ నంబరుకు గుమాస్తా పర్సనల్ రిజిస్టరులో ఒక వరస, నోట్ ఫైలు వేరు, కరెంట్ ఫైలు వేరు. మద్రాసు పోయి ఆంధ్ర వచ్చినా, తాలూకాలు పోయి 1985లో మండలాలు వచ్చినా ఈ దర్శనం చెక్కుచెదరలేదు.

ఇందులో పరిష్కార ప్రకరణం పరమ రమణీయం. కాగితం పని ముగిశాక దాని ఆయుర్దాయం నిర్ణయించాలి. ఆర్.డిస్. అంటే శాశ్వతం, ఆత్మవలె దానికి నాశం లేదు, చెదలు మాత్రం ఈ సిద్ధాంతాన్ని అంగీకరించవు. డి.డిస్. పదేళ్ళు. ఎల్.డిస్. ఏడాది. ఇవి లౌకికాలు. లోకోత్తరమైనది ఎన్.డిస్. వచ్చిన కాగితాన్నే, వెనక ఒక వాక్యం రాసి, మూలంతో సహా మరొకరికి పంపేయడం. ఇక్కడ ఏమీ మిగలదు, కాపీ కూడా. అయినా రిజిస్టరులో అది పరిష్కారమైనట్టే. అర్జీదారు దృష్టిలో కాగితం తిరుగుతున్నది. కార్యాలయం దృష్టిలో మోక్షం పొందింది. ఒకే వస్తువు ఒకే సమయంలో బద్ధమూ ముక్తమూ కావడం ఏ వేదాంతమూ సాధించలేదు. అద్వైతులు జీవన్ముక్తి అని కొంత దగ్గరకు వచ్చారు గాని వారిది మనుషులకే పరిమితం. సోమవారం గ్రీవెన్సులో ఇచ్చిన అర్జీ తిరుపతి నుంచి సూళ్ళూరుపేటకు, సూళ్ళూరుపేట నుంచి మండలానికి, మండలం నుంచి "మా పరిధి కాదు" అన్న ఎండార్సుమెంటుతో మళ్ళీ తిరుపతికి వచ్చినప్పుడు మూడు కార్యాలయాల్లోనూ మూడు పరిష్కారాలు నమోదవుతాయి. తడ దగ్గర పల్లె నుంచి నాయుడుపేట, శ్రీకాళహస్తి మీదుగా బస్సులు మారి వచ్చిన ముసలామెకు ఆ సంఖ్యతో పని లేదు. ఆమెకు పట్టా కావాలి.

ఆమె బల్ల దగ్గరికి వచ్చేసరికి అక్కడ కొత్త మనిషి ఉంటాడు. పాత మనిషి బదిలీ. "నేను కొత్తగా వచ్చినాను, మళ్ళా సోమవారం రామ్మా" అంటాడు కొత్తవాడు, నిజమే చెబుతాడు. పర్సనల్ రిజిస్టరు సరిగ్గా రాసి ఉంటే గుమాస్తా మారడం ఆమెకు తెలియవలసిన విషయమే కాదు. అయితే చాలాచోట్ల అది జమాబందీ ముందో, తనిఖీ ముందో, అందరూ కూర్చుని ఒక్క రాత్రిలో పూర్తిచేసే కావ్యం. ఈ-ఆఫీసు వచ్చాక ఫైలు ఎవరి లాగిన్‌లో ఉందో కనబడుతుంది. ఎందుకు ఆగిందో కనబడదు. ఆ ఎందుకు అన్నది పాత మనిషి బుర్రలో ఉంటుంది, అతనితో పాటే మదనపల్లెకో కుప్పానికో పోతుంది. ఎటూ పోకుండా మిగిలేది ఉపదేశకుడు ఒక్కడు. అతని దగ్గర ఆ సమాచారం ఉంటుంది. అది అతని బలం, అడిగించుకొని చెబుతాడు. మహావాక్యంలో "అడ్జస్ట్ కావాల" అన్నది ఎవరితో అన్న ప్రశ్నకు ఇక్కడ సమాధానం దొరుకుతుంది.

స్థలవిశేషాలు

కొన్ని ఆచారాలు నిజంగానే స్థలానికి చెందినవి. వాటి మీద వ్యాఖ్యకు ఫిర్యాదు లేదు. తిరుపతికి బదిలీ అయినవాడికి మునుపు పనిచేసిన ఊళ్ళన్నీ ఒక్కసారిగా బంధువర్గం అవుతాయి. 300 రూపాయల దర్శనం టికెట్టు ఎవరి ఫోన్‌లోనైనా తీసుకోవచ్చునని ఎంత చెప్పినా, లెటరు ఒకటి ఇప్పించమనే అడుగుతారు. ప్రోటోకాల్ డ్యూటీ పడిన రోజు ఫైళ్ళు ఉన్నచోటే ఉంటాయి, ఉద్యోగి మాత్రం రేణిగుంట విమానాశ్రయంలో ఉంటాడు. పాత కార్యాలయానికి లాస్ట్ పే సర్టిఫికెట్టు కోసం వెళ్ళేవాడు లడ్డూలు లేకుండా వెళితే సర్టిఫికెట్టు మరునాటికి వాయిదా పడుతుంది. 2009లో తిరుపతి లడ్డూకు భౌగోళిక గుర్తింపు వచ్చింది గనుక మరొకచోట కొన్నది చెల్లదు.

తిరుపతి గంగమ్మ జాతర వేరే ప్రకరణం. మే నెలలో చాటింపు అయ్యాక ఊరివాళ్ళు పొలిమేర దాటి రాత్రి బయట ఉండరు. ఆ వారంలో కుప్పం క్యాంపు వేసిన కొత్త అధికారికి ఒక్కొక్కరుగా సెలవు చీటీలు వస్తాయి. ఎవరూ అబద్ధం చెప్పరు, కారణం రాయరు, అంతే. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం వరసగా వస్తాయి. నిన్నటిదాకా తపాలు పంచిన ఆఫీసు సబార్డినేటు ఒళ్ళంతా రంగు పూసుకొని, వేపాకు కట్టుకొని వీధిలో ఎదురై నోరారా తిడతాడు. ఆ తిట్టు ఆశీర్వాదమని కొత్తవాడికి ఎవరైనా ముందే చెప్పాలి. జాతరలో దొర వేషం ఒక్కరోజే. ఆఫీసులో ఆ నియమం లేదు.

ఇట్టివి తెలుసుకొని సర్దుకోవడం మర్యాద. మధ్యాహ్నం క్యారియర్లు విప్పేటప్పుడు ఎవరు ఏ బల్ల చుట్టూ చేరతారన్నది మాత్రం ఈ కోవలోకి రాదు. అక్కడ కొత్తవాడిని మొదటి రోజు ఇంటిపేరు, రెండవ రోజు ఊరు, మూడవ రోజు "ఏమట్లు మీరు" అని కులమే తిన్నగా అడుగుతారు. నాలుగవ రోజుకు అతని బల్ల నిర్ణయమవుతుంది. బౌధాయనుడి పట్టికలో ఎవరితో కలిసి తినాలన్నది మొదటి అంశం కావడం యాదృచ్ఛికం కాదేమో. ఇక మహిళా ఉద్యోగికి చేరిన రోజు అన్నిటికంటె ముందు తెలియవలసింది మరుగుదొడ్డి తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందన్నది. కొన్ని కార్యాలయాల్లో అది ఉపదేశకుడి సొరుగులో ఉంటుంది. అడగడానికి ఆమె మొహమాటపడుతుంది, ఇవ్వడానికి అతను తొందరపడడు. దీనికి కూడా "ఈడ ఇంతే మేడం" అనే జవాబు వస్తే అక్కడ వ్యాఖ్యాతకు పాండిత్యం పనికిరాదు. తాళం పగలగొట్టించాలి.

నిదర్శనం

తెలియనిచోటికి వచ్చినవాడు ఏం చేయాలో ఈ జిల్లా చరిత్రలోనే ఒక నిదర్శనం ఉంది. 1801లో ఉత్తరార్కాటు కుంఫిణీ వశమైంది. దానితో పాటు తిరుమల ఆలయ వ్యవహారమూ దొరల చేతికి వచ్చింది. ఏ కైంకర్యం ఎప్పుడు, ఏ మిరాసీ ఎవరిది, ఏ పడితరం ఎంత అన్నది వాళ్ళకు ఒక్క ముక్క తెలియదు. వాళ్ళ కన్ను రాబడి మీద ఉన్నదన్నదీ దాచనక్కరలేదు. అయినా "ఈడ ఇంతే దొరా" అన్న జవాబుతో వాళ్ళు ఊరుకోలేదు. కలెక్టరు స్ట్రాటన్ 1803లో పూజల వివరం, ఖర్చు, భూముల లెక్క రాసి బోర్డుకు పంపాడు. తరువాత ప్రశ్నలు ఒక వైపు, జవాబులు ఒక వైపుగా సవాల్ జవాబ్ పట్టీ తయారైంది. ఉన్న ఆచారాలనే ఆధారం చేసుకొని 1821లో బ్రూస్ కోడ్ వచ్చింది. అందులో 42 నిబంధనలు. 1843లో ఆలయాన్ని హాథీరాంజీ మఠం మహంతులకు అప్పగించేదాకా దొరలు ఒకరి తరువాత ఒకరు మారారు. వచ్చిన ప్రతి దొరకూ చూసుకోవడానికి కాగితం ఉంది.

సవాల్ జవాబ్ పట్టీలో గొప్పతనమల్లా జవాబు చెప్పినవాడు దానికి కట్టుబడడం. రాతలో పడిన ఆచారం ఎవరిదో తెలిసిపోతుంది, తప్పయితే అడగడానికి మనిషి ఉంటాడు. నోటిమాటగా ఉన్నంతకాలం అది అందరిదీ, ఎవరిదీ కాదు. ఉపదేశకుడు కలం పట్టడానికి ఎందుకు ఇష్టపడడో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. "ఆ పద్ధతి ఏదో నోటులో రాసి పెట్టు, సంతకం చేస్తాను" అన్న కొత్త అధికారి ముందు మహావాక్యం రెండవసారి వినబడదు.

తాత్పర్య నిర్ణయం

వాక్య తాత్పర్యం తేల్చడానికి పెద్దలు ఆరు లింగాలు చెప్పారు. మొదలూ చివరా ఒకటే మాట చెప్పడం: "ఈడ ఇంతే" తో మొదలై "కావాల" తో ముగిసింది, కదలనిది ఒకటి, కదలవలసినవాడు ఒకడు అని రెండూ ఏకకంఠంగా పలికాయి. అభ్యాసం: రోజుకు ఎన్నిసార్లు వినబడుతుందో లెక్కలేదు. అపూర్వత: మాన్యువల్‌లో ఎక్కడా దొరకదు, కనుక సిద్ధించింది. ఫలం: ఉపదేశకుడి సొరుగు భద్రం. అర్థవాదం: "ముందున్న సారు బంగారం లాంటి మనిషి, ఏమీ అడిగేవాడు కాదు" అన్న ప్రశంస. ఆరవది ఉపపత్తి, అంటే కారణం. దాన్ని ఎంత వెతికినా పట్టుబడలేదు. ఐదు ఉండి ఆరవది లేని వాక్యం విధి కాజాలదు. అలవాటు మాత్రమే.

ఫలశ్రుతి

ఈ వ్యాఖ్య చదివినవారికి కోరిన చోటికి బదిలీ అవుతుందని చెప్పడానికి శాస్త్రం ఒప్పుకోదు. చేయగలిగింది ఒకటే ఉంది. ఛార్జి అప్పగించేనాడు బీరువాలు, కుర్చీలు, రబ్బరు ముద్రలు లెక్కపెట్టి సంతకాలు తీసుకొంటారు. ఆ కాగితాలతోపాటు ఇంకొక కాగితం కూడా ఉండాలి. పెండింగులో ఉన్న ఫైళ్ళేవి, ఏది ఎందుకు ఆగింది, ఏ అర్జీదారు ఎన్నిసార్లు తిరిగిపోయాడు, కోర్టు గడువు ఏ తేదీ, ఏ తాళంచెవి ఎవరి దగ్గర ఉంది అన్నవి పోయేవాడు తన చేత్తో రాసి, తేదీ వేసి, వచ్చేవాడి చేతికి ఇచ్చి కదలాలి. అరపూట పని. వచ్చే బదిలీల్లో పేరు ఉన్న ప్రతివారూ దీన్ని ఇప్పుడే మొదలుపెట్టవచ్చు. ఇందుకు ఏ ఉత్తర్వూ అక్కరలేదు.